డోర్నకల్ అధ్యక్షఖండము – దానిని మోసిన చేతులు



నూరేండ్ల పండుగ చేసికొను ఏ సంఘమైనను తన బిషప్పుల ఛాయాచిత్రములను వరుసగా అచ్చు వేసికొనును. అది తగిన పనియే. పెద్దలను గౌరవించుట దేవుని ఆజ్ఞ. అయితే అధ్యక్షఖండ చరిత్ర అనగా బిషప్పుల జాబితాయే అని మనము తలంచినచో, ఆ జాబితాలో మొదటి పేరు గల పెద్దలే మనలను మందలింతురు. డోర్నకల్ అధ్యక్షఖండము ఎట్లు పుట్టినది, ఎట్టి నాయకత్వము దానిని పెంచినది, ఆ నాయకత్వము నేడు మనలను ఏమి అడుగుచున్నది అను మూడు సంగతులను ఈ వ్యాసములో మీ ముందుంచ గోరుచున్నాము.

అధ్యక్షఖండమునకు ముందు

ఆంధ్ర దేశములో ఆంగ్లికన్ సంఘపు సేవ డోర్నకల్‌లో మొదలు కాలేదు. 1841లో చర్చి మిషనెరీ సొసైటీ వారు పంపిన హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అను ఇద్దరు యువకులు మచిలీపట్నమునకు వచ్చిరి. ఫాక్సు దొరగారు ఊరూర తిరిగి సువార్త చెప్పవలెనని కోరిరి గాని ఆరోగ్యము సహకరింపక 1848లో చిన్న వయస్సులోనే ప్రభువునందు నిద్రించిరి. నోబుల్ దొరగారు 1843లో పాఠశాల తెరచి, స్వదేశమునకు ఒక్కసారియైనను మరలిపోక, 1865లో మచిలీపట్నములోనే కన్నుమూసిరి. ఆయన పాఠశాలలో చదివినవారు అధికముగా అగ్రవర్ణముల పిల్లలు. చదువుకొన్న పెద్దింటివారి ద్వారా సువార్త క్రింది వరకు దిగివచ్చునని ఆనాటివారి ఆశ.

దేవుని ఆలోచన వేరుగా ఉండెను. సువార్త పల్లె నుండి పైకి ఎక్కినది. 1859 ప్రాంతములో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు, మాలపల్లెలో పుట్టినవారు, కనబడని సత్యదేవుని వెదకుచు బెజవాడలోని డార్లింగు దొరగారి యొద్దకు వచ్చి, విని, నమ్మి, బాప్తిస్మము పొందిరి. ఆయన తన బంధువులకు చెప్పిరి, ఆ బంధువులు తమ బంధువులకు చెప్పిరి. ఈ విధముగా కృష్ణా మండలములోని మాలపల్లెలలో, పిమ్మట మాదిగపల్లెలలో సంఘములు లేచినవి. అటు కర్నూలు, కడప ప్రాంతములలో ఎస్.పి.జి. మిషను వారు ముత్యాలపాడు, నంద్యాల కేంద్రములుగా పనిచేయుచుండిరి.

ఇన్ని సంఘములున్నను ఆంగ్లికన్ తెలుగు క్రైస్తవులకు ప్రత్యేకముగా బిషప్పు లేరు. 1835లో ఏర్పడిన మద్రాసు అధ్యక్షఖండము క్రిందనే వీరందరు ఉండిరి. కన్ఫర్మేషను కొరకు బిషప్పుగారు మద్రాసు నుండి రావలెను. ఆయన దొరగారై ఉండుటయు ఆనాడు ఎవరికిని వింతగా తోచలేదు. బిషప్పు అనగా దొరగారే అని అందరు అనుకొనుచుండిరి.

తిరునెల్వేలి వారి కానుక

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై గ్రామములో జన్మించిరి. తండ్రి తోమా వేదనాయకంగారు ఆ పల్లె సంఘపు గురువు. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. కళాశాల చదువు చదివిన తొలితరపు క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

1902లో ఆయన సింహళ ద్వీపములోని జాఫ్నాకు వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనముతో, తమ స్వంత మనుష్యులతో ఇతర ప్రాంతములకు సువార్త పంపుచుండుట చూచిరి. ఆ దర్శనము ఆయనను నిద్రపోనీయలేదు. తిరునెల్వేలి సంఘము వంద సంవత్సరములకు పైగా సువార్త నెరిగినది. వేలకొలది సభ్యులు గలది. అది ఎవరికి ఏమి ఇచ్చుచున్నది? ఈ ప్రశ్న నుండి 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ పుట్టినది. పరదేశపు ధనము ముట్టరాదు, పరదేశపు మనుష్యులను పిలువరాదు అను నియమముతో ఆ సంఘస్థులు దానిని స్థాపించిరి. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ ఏర్పడుటలోను అజరయ్యగారి చేయి కలదు.

తిరునెల్వేలి వారు ఎన్నుకొన్న పొలము ఏది? నిజాము రాజ్యములోని డోర్నకల్ ప్రాంతము. రైలు మార్గము ఎల్లందు బొగ్గు గనుల వైపునకు చీలు చోట నున్న చిన్న ఊరు అది. తమిళులు తమ భాష కాని భాష నేర్చుకొని, తమ బంధువులు కాని వారి యొద్దకు, చందాలు వసూలు చేసికొని వచ్చిరి. 1909లో అజరయ్యగారు వై.ఎం.సి.ఎ. ఉద్యోగము విడిచి, గురువుగా అభిషేకము పొంది, తామే డోర్నకల్‌కు మిషనెరీగా వచ్చిరి. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు. ఆ వయస్సులో అ ఆ ల నుండి తెలుగు నేర్చుకొనిరి. మన అధ్యక్షఖండపు పునాదిలో మొదటి రాయి ఒక బీద దక్షిణాది సంఘపు కానుక అని మన పిల్లలకు మనము చెప్పవలెను.

1912 డిసెంబరు 29

1910లో స్కాట్లండు దేశపు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినది. అజరయ్యగారు అక్కడ మిషనెరీలకును దేశీయ సేవకులకును మధ్యనున్న దూరమును గూర్చి మాటలాడిరి. మీరు మాకు ధనమిచ్చితిరి, మీ శరీరములను సహితము అర్పించితిరి, అయితే మాకు స్నేహము కూడ కావలెను అను భావము ఆయన చెప్పినప్పుడు సభలో కొందరికి కోపము వచ్చినది. కొందరి మనస్సాక్షి మేల్కొన్నది. బల్లయొద్ద ప్రక్కన కూర్చుండనీయని ప్రేమ సంపూర్ణమైన ప్రేమ కాదని ఆయన భావము.

ఇంతకు ముందే మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు, భారతీయుడొకరు బిషప్పు కావలెనని పట్టుదలతో ప్రయత్నించుచుండిరి. ఆటంకములు చాల వచ్చినవి. భారతీయుని క్రింద తెల్లవారు పనిచేయరని మిషనెరీలలో కొందరు అనిరి. ఇంకను సమయము రాలేదని మరికొందరు అనిరి. భారతీయ క్రైస్తవులలోను ఎదిరించినవారు ఉండిరి. అందులో కొంత కులము మాట కూడ కలదని చరిత్ర చదివినవారికి తెలియును. చివరకు, పెద్ద అధ్యక్షఖండమును ఆయన చేతికి ఇచ్చుటకు వెనుకాడిన పెద్దలు, నిజాము రాజ్యపు ఆగ్నేయ భాగమున ఒక చిన్న క్రొత్త అధ్యక్షఖండమును ఏర్పరచుటకు సమ్మతించిరి.

1912 డిసెంబరు 29న కలకత్తా సెంటు పాలు కతీడ్రలులో, మెట్రోపాలిటన్ బిషప్పు కోపుల్‌స్టన్‌గారి చేతులమీదుగా అజరయ్యగారు డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయన. అప్పటికి ఆయనకు 38 సంవత్సరములు. పెద్దలు ఇచ్చినది చిన్న పొలమే. పిమ్మట 1920 దశాబ్దములో కృష్ణా, గోదావరి, కర్నూలు, కడప ప్రాంతముల ఆంగ్లికన్ తెలుగు సంఘములు కూడ డోర్నకల్‌లో చేరినవి. చిన్నదానియందు నమ్మకముగా ఉన్నవానికి పెద్దది అప్పగింపబడును గదా. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారు ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చిరి.

తెల్లవారు ఆయన క్రింద పనిచేయరన్న మాటకు జవాబు 1935లో వచ్చినది. ఆ సంవత్సరము మిషనెరీయైన ఆంథొనీ ఎలియట్‌గారు డోర్నకల్‌కు సహాయ బిషప్పుగా నియమింపబడి, భారతీయ బిషప్పు చేతిక్రింద పది సంవత్సరముల పాటు వినయముతో సేవ చేసిరి. 1912లో కొందరు అసాధ్యమని చెప్పినది 23 సంవత్సరములకు సాధారణమైన సంగతి ఆయెను.

పల్లె పంతులుగారు

అజరయ్యగారి గొప్పతనమును చెప్పువారు ఎడిన్‌బరోను, కేంబ్రిడ్జిని చెప్పుదురు. మేము మాత్రము పల్లెను చూడుమని మనవి చేయుచున్నాము. ఆయన కన్నుమూసిన నాటికి అధ్యక్షఖండములో రెండు లక్షలకు పైబడిన క్రైస్తవులు ఉండిరి. ఇందరిని ఒక్క బిషప్పు, కొలదిమంది గురువులు కాయగలిగియుందురా? కాయలేరు. కాచినవారు పల్లె ఉపదేశులు, పంతుళ్లు.

ఆ పంతులుగారి దినచర్య మన తాతలకు బాగుగా తెలిసినదే. ఉదయము బడి, సాయంకాలము పొలము నుండి కూలివారు తిరిగి వచ్చిన తరువాత కిరసనాయిలు దీపము వెలుతురులో ప్రార్థన. చదువురానివారికి ప్రభువు ప్రార్థనయు, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలును వినిపించి, మరల చెప్పించి, కంఠపాఠము చేయించుట. రోగికి ప్రార్థన, పెండ్లికి సలహా, కరణముగారి కచేరికి అర్జీ, అన్నియు ఆయన పనులే. జీతము స్వల్పము. పేరు ఏ పుస్తకములోను అచ్చుపడలేదు. సంఘములో అక్షరము వచ్చిన మొదటి తరము వారందరు ఆయన పలకమీద దిద్దినవారే.

డోర్నకల్‌లో గురువులకు, ఉపదేశులకు శిక్షణ ఇచ్చునప్పుడు బిషప్పుగారు పుస్తకముతో పాటు చేతిపనిని కూడ నేర్పించిరి. పట్టణపు అలవాట్లు మరిగి పల్లెకు తిరిగిపోజాలని గురువు పల్లెకు పనికిరాడని వారి నమ్మకము. వివాహితులైన విద్యార్థులు భార్యలతో కూడ వచ్చిరి. ఆ స్త్రీలు కూడ చదువు నేర్చుకొనిరి. భర్త పురుషులకు బోధించుచుండగా భార్య పల్లె స్త్రీలకు ప్రార్థనయు, పరిశుభ్రతయు, పిల్లల పెంపకమును నేర్పెను. అన్బు అజరయ్యమ్మగారు ఈ పనిలో ముందు నడిచిరి. స్త్రీల సేవ లేకుండ డోర్నకల్ చరిత్ర వ్రాసినవారు సగము చరిత్రయే వ్రాసినవారగుదురు.

బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షియే అని బిషప్పుగారు బోధించిరి. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీద ఉంచుకొని, తాము సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమ అని అపొస్తలుడైన పౌలు చెప్పిన భావమును తమ నోటితో పలుకునట్లు ఆయన చేయించిరని పెద్దలు చెప్పుదురు. సంవత్సరమునకొకసారి సాక్ష్యపు వారము ఆచరించి, కూలిపని చేయు స్త్రీ పురుషులు పొరుగూళ్లకు వెళ్లి పాడి, మాటలాడి వచ్చిరి. మాల మాదిగ పల్లెలలో వచ్చిన మార్పు, అనగా త్రాగుడు తగ్గుట, పిల్లలు చదువుట, ఇల్లు శుభ్రపడుట, ఇవన్నియు చూచి 1920, 1930 దశాబ్దములలో శూద్ర కులములవారు వేలకొలది సంఘములో చేరిరి. ఊరు పల్లె యొద్ద సువార్త నేర్చుకొన్నది! ఈ దేశ చరిత్రలో ఇది సామాన్యమైన సంగతి కాదు.

పిడికెడు బియ్యము

నాయకత్వమునకును ధనమునకును ఉన్న సంబంధమును అజరయ్యగారు ఎరిగిరి. పరుని ధనముతో నడచు సంఘము పరుని మాట వినవలసియుండును. అందుచేత క్రైస్తవుడు ఇచ్చుటను గూర్చి ఆయన ప్రత్యేకముగా పుస్తకమే వ్రాసిరి. తిననిచో గాని తీరని బీదలకు ఇమ్మని చెప్పుట న్యాయమా అని అడిగినవారు లేకపోలేదు. అయితే ఇచ్చువాడు భిక్షకుడు కాడు అని ఆయన బోధ. మన పల్లెలలో తల్లులు వండుటకు ముందు దేవుని పాలు పిడికెడు బియ్యము తీసి కుండలో వేయుట, కోతకాలపు పండుగనాడు ధాన్యము, కోడి, గుమ్మడికాయ తెచ్చి బలిపీఠము ముందు ఉంచుట, ఇవన్నియు ఆ బోధ యొక్క ఫలములే. ఆ పిడికిళ్లతో పంతులుగారి జీతము గడిచినది, తాటాకు ప్రార్థనశాల పెంకుటిల్లు ఆయెను.

డోర్నకల్ ఎపిఫని కతీడ్రలు కూడ ఈ ఓర్పుతోనే లేచినది. ధనము వచ్చినకొలది కొంచెము కొంచెముగా ఏండ్ల తరబడి కట్టి, 1939 జనవరి 6న, ప్రభువు ప్రత్యక్షత పండుగనాడు దానిని ప్రతిష్ఠించిరి. దానిని చూచినవారెవరును ఇంగ్లండు దేశపు గుడి అనరు. దేవాలయ మండపములను తలపించు స్తంభములు, మసీదులను తలపించు గుమ్మటములు, మధ్యను సిలువ. తెలుగు క్రైస్తవుడు తన దేశమును విడిచి క్రీస్తునొద్దకు రానక్కరలేదని ఆ రాళ్లు చెప్పుచున్నవి. ఆరాధనలో తెలుగు కీర్తనలకు బిషప్పుగారు ఇచ్చిన స్థానము కూడ ఇదే చెప్పుచున్నది.

ఐక్యత

1919 మే నెలలో తరంగంబాడిలో కొద్దిమంది దక్షిణ దేశపు సంఘనాయకులు కూడిరి. వారిలో ఎక్కువమంది భారతీయులే. పరదేశములో పుట్టిన విభేదములను మనమెందుకు మోయవలెను అని వారు అడిగిరి. అజరయ్యగారు ఆ సభకు నాయకులలో ఒకరు. క్రైస్తవేతరుని యెదుట మేము ఆంగ్లికన్, మీరు మెథడిస్టు అని చెప్పుకొనుట పల్లె సువార్తికునికి సిగ్గుగా ఉండెను. కులభేదమును విడువుమని చెప్పు సంఘము సంఘభేదమును ఎట్లు సమర్థించుకొనగలదు? 1927లో లోసాన్ మహాసభలోను, 1930లో లాంబెత్ సభలోను ఆయన ఈ భారమునే మోసిరి. 1929 నుండి మరణము వరకు భారత జాతీయ క్రైస్తవ సమితికి అధ్యక్షులుగా ఉండి ఐక్యత కొరకే శ్రమపడిరి.

ఐక్యతను ఆయన కన్నులు చూడలేదు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. కతీడ్రలు ఆవరణలోనే వారి సమాధి కలదు. ఆ నెలలోనే ఆంగ్లికన్ సంఘపు జనరల్ కౌన్సిలు ఐక్య ప్రణాళికను అంగీకరించినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెంటు జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము అవతరించినది. ఆ దినమున డోర్నకల్ ఆంగ్లికన్ అధ్యక్షఖండముగా ఉండుట మాని, ఐక్య సంఘములో ఒక అధ్యక్షఖండమాయెను. తన పేరును పోగొట్టుకొనుటకు ఇష్టపడిన అధ్యక్షఖండము మనది.

ఆ త్యాగము అందరికి సులభము కాలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములలో అనేకులు 1947లో చేరక వెలుపల నిలిచిరి. వారి బాధను చులకన చేయరాదు. తాము నేర్చుకొన్న ఆరాధనను వారు ప్రేమించిరి. కాలక్రమమున వారును ఐక్య సంఘములో చేరిరి.

తరువాతి పెద్దలు

అజరయ్యగారి పిమ్మట ఎలియట్‌గారు 1955 వరకు బిషప్పుగా ఉండి అధ్యక్షఖండమును ఐక్య సంఘములోనికి నడిపించిరి. వారి పిమ్మట పి. సాలొమోనుగారు ఆ పీఠమును అధిష్ఠించిరి. వారు దక్షిణ ఇండియా సంఘమునకు మోడరేటరుగా కూడ సేవచేసిరి. 1947లోనే కృష్ణా గోదావరి ప్రాంతము వేరు అధ్యక్షఖండమై, యెడ్డి ముత్యాలుగారు దానికి మొదటి బిషప్పు ఐరి. నేడు తెలుగు దేశములో డోర్నకల్, కృష్ణా గోదావరి, మెదక్, కరీంనగర్, నంద్యాల, రాయలసీమ అను ఆరు అధ్యక్షఖండములు దక్షిణ ఇండియా సంఘములో కలవు. మెదక్ మెథడిస్టు మిషను నాటిన తోట. డోర్నకల్ ఆంగ్లికన్ తోట. రెండును ఇప్పుడు ఒకే కంచెలో ఉన్నవి.

2013లో మరియొక తలుపు తెరువబడినది. ఒకప్పుడు డోర్నకల్ అధ్యక్షఖండములో భాగమైయుండిన నంద్యాలకు ఇ. పుష్పలలితగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. దక్షిణ ఇండియా సంఘములో మొదటి స్త్రీ బిషప్పు ఆమె. భారతీయుడు బిషప్పు కాదగునా అని 1912లో అడిగినవారు ఉండిరి. స్త్రీ బిషప్పు కాదగునా అని అడిగినవారు మన కాలములో ఉండిరి. రెండు ప్రశ్నలకును దేవుడు ఈ తెలుగు నేలమీదనే జవాబు ఇచ్చెను.

మనకు మిగిలిన ప్రశ్న

ఈ చరిత్ర మచ్చలేనిది అని మేము చెప్పము. అజరయ్యగారు తండ్రివలె ప్రేమించిరి, తండ్రివలె శాసించిరి. ఆయన యెదుట మాటలాడుటకు జంకినవారు ఉండిరి. మాల, మాదిగ భేదమును ప్రభువు బల్లయొద్ద చెరిపివేయుటకు ఆయన పోరాడిరి గాని, ఆ గీత నేటికిని మన సంఘములలో పూర్తిగా చెరిగిపోలేదు. ఎన్నికల కాలమున అది మరల కనబడుచున్నది. పీఠము కొరకు, ఆస్తుల కొరకు న్యాయస్థానముల మెట్లు ఎక్కు సంఘములను గూర్చి వినునప్పుడు, పిడికెడు బియ్యము కుండలో వేసిన ఆ తల్లి ఏమనుకొనునో అని మేము తలంచుచున్నాము. ఆ స్థలములు, ఆ బడులు, ఆ ఆసుపత్రులు ఆమె పిడికిలి నుండి కూడ వచ్చినవే. వాటికి మనము కావలివారము.

గురువులమైన మాకు ఈ చరిత్రలో ఒక కొలత దొరకుచున్నది. నాయకుడు ఎంత ఎత్తున కూర్చున్నాడు అను దానిని బట్టి గాక, ఎందరిని లేవనెత్తినాడు అను దానిని బట్టి అతని సేవను కొలువవలెను. వైట్‌హెడ్‌గారు తన అధికారములో కొంత విడిచి ఒక భారతీయుని లేవనెత్తిరి. ఆ భారతీయుడు వేలకొలది పల్లె పంతుళ్లను లేవనెత్తెను. ఆ పంతుళ్లు మన తాతముత్తాతలను లేవనెత్తిరి. ఈ గొలుసులో తరువాతి కడియము మనము.

కావున సంఘస్థులారా, ఈ పండుగ ముగియక ముందే ప్రతి పాస్టరేటులో ఒక పని చేయుడని కోరుచున్నాము. మీ పల్లెలో మొదట బాప్తిస్మము పొందినదెవరు, మొదటి పంతులుగారెవరు, మొదటి ప్రార్థనశాలకు స్థలమిచ్చినదెవరు అని వృద్ధులను అడిగి, ఒక పుస్తకములో వ్రాసి, దేవాలయములో భద్రపరచుడి. ఆ వృద్ధులు వెళ్లిపోయిన తరువాత అడుగుటకు ఎవరును ఉండరు. పిమ్మట ఆ పల్లె నుండి చదువుకొని పట్టణమునకు వెళ్లినవారు, తమ ఆదాయములో కొంత ఆ పల్లె పిల్లల చదువునకు పంపుదురు గాక. తిరునెల్వేలి బీదలు ముఖము తెలియని మనకొరకు ఆ పని చేసిరి. మనము మన స్వంతవారికైనను చేయలేమా?

సంఘమునకు శిరస్సైయున్న ప్రభువు, మొదటి తరమునకు ఇచ్చిన ధైర్యమును రాబోవు తరమునకు కూడ అనుగ్రహించును గాక. ఆమేన్.